పావు మైలు బండి

రఘునాథ్ ప్రాణం తీసిన కారును మళ్లీ చేసిపెట్టమని నన్ను అడిగింది అతని కూతురు ఐశ్వర్యే. నిజమైన కారు కాదు, బొమ్మ. అసలు కొలతలో పదో వంతు. చిత్తూరులో వాళ్ల స్పేర్ పార్టుల అంగడిలో ఒక అద్దాల పెట్టె చేయించి, అందులో లైటు కూడా పెట్టించి, ఆ తర్వాత తిరుపతికి బస్సెక్కి వచ్చింది. "ఆ కారును సేతుల్తో సేసినోళ్లలో నువ్వొక్కడివే మిగిలినావు సిన్నాయనా" అంది. మాట నిజమే. సరేనన్నాను. అలాంటిది విన్నప్పుడు మనిషికి గుండె గుభేలుమనాలి. నాకేమీ అనలేదు. చేతిలో కాఫీ చల్లారుతోందని మాత్రం తోచింది.

నా పేరు మునిశేఖర్. రేణిగుంటలో ఒక ఇనుప పోతల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు నమూనాలు చేశాను. పంపు మూత కానీ, మోటారు గుల్ల కానీ, ఏది పోత పోయాలన్నా ముందు దాన్ని చెక్కతో అచ్చంగా చెయ్యాలి. ఆ చెక్కను ఇసుకలో అదిమి తీస్తే గుంత మిగులుతుంది. అందులో కరిగిన ఇనుము పోస్తారు. చెక్క మీద పొరపాటున గీత పడితే ఇనుము మీదా పడుతుంది. అందుకే మా పని చేసేవాళ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెయ్యకపోతే చెయ్యి ఊరుకోదు. ఆ జబ్బు నోటికి మాత్రం అంటదు. అందుకు నేనే సాక్షిని.

ఇంకో సంగతి. నా ఎడమ భుజానికి స్పర్శ లేదు. చెయ్యి మామూలుగానే పనిచేస్తుంది, బరువు ఎత్తుతుంది, ఆకురాయి పడుతుంది. భుజం మీద మాత్రం దోమ కుట్టినా, ఎవరైనా చరిచినా తెలియదు. ప్రమాదం జరిగిన రోజు రఘునాథ్‌ను మోసినప్పుడు పట్టేసిందని అందరికీ చెప్పాను. తిరుపతిలో ఒకరు, వేలూరులో ఇద్దరు డాక్టర్లు చూసి నరాలు బాగానే ఉన్నాయన్నారు. నా భార్య మునిరత్నమ్మ దాన్ని ఇంటికి పనికొచ్చేట్టు మలుచుకుంది. బియ్యం మూట వస్తే "ఆ బుజానికే ఎత్తుకో, ఎట్లా నొప్పి తెలీదు గదా" అంటుంది.

1986లో రఘునాథ్‌కూ నాకూ పాతికేళ్లు. వాళ్ల నాయన సుబ్రమణ్యానికి చిత్తూరులో ఆ స్పేర్ పార్టుల అంగడి ఉండేది. నేను పక్క సందులో లేత్ షాపులో పనిచేసేవాణ్ణి. తడ దాటి మద్రాసు వైపు పోతే ఒక పాత విమానాల రన్‌వే మీద అప్పట్లో కార్ల పందేలు జరిగేవి. వాటిలో ఒకటి డ్రాగ్ రేసు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. జెండా ఊపగానే నేరుగా పావు మైలు. మలుపుల్లేవు, చుట్టు తిరగడం లేదు, పెద్దగా బుద్ధి కూడా అక్కర్లేదు. పద్దెనిమిది సెకన్లలో అయిపోతుంది. రఘునాథ్‌కు ఆ పద్దెనిమిది సెకన్లు చూసి పిచ్చి పట్టింది. చిత్తూరు చేరేదాకా బస్సులో అదే మాట.

గుడిపాల దగ్గర తుక్కు అంగట్లో యాభై ఎనిమిదో మోడల్ ఫియట్ ఒకటి దొరికింది. ఎనిమిది నెలలు దాని మీద పడ్డాం. బానెట్, డిక్కీ మూత, అద్దాలు, వెనక సీటు, డ్రైవరు పక్క సీటు, బరువనిపించిందల్లా పీకేశాం. తలుపుల చోట పలచటి రేకు బిగించాం. అంబాసిడర్ ఇంజన్ తెచ్చి అడుగు వెనక్కి జరిపి కూర్చోబెట్టాం, బరువు వెనక చక్రాల మీద పడాలని. వెనక జీపు టైర్లు, ముందు సన్నవి. సైలెన్సరు తీసేసి నాలుగు గొట్టాలు పక్కకు వంచితే, స్టార్ట్ చేసినప్పుడల్లా గిరింపేటలో సగం మంది మమ్మల్ని తిట్టేవాళ్లు. రంగు రఘునాథ్ ఎంచాడు. బాగా మగ్గిన బేనిషా మామిడి రంగు.

పందేనికి ముందు ఒకసారి పరుగు తీసి చూద్దామనుకున్నాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ఎండాకాలంలో రెండు పక్కలా ఉప్పు పేరిన బురద, అక్కడక్కడా నీళ్లు. ఒక ఆదివారం పొద్దున్నే కారును లారీలో వేసుకుని పోయాం. లారీ డ్రైవర్ను సూళ్లూరుపేటలో టిఫిన్ దగ్గర వదిలి, మేమిద్దరమే కారును రోడ్డు మీదికి తీసుకెళ్లాం.

తర్వాత జరిగింది లోకానికి ఇలా తెలుసు. నేను పావు మైలు చివర స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాను. రఘునాథ్ కారు నడిపాడు. ముందు ఎడమ టైరు పేలింది. కారు రోడ్డు కట్ట దిగి ఎడమ పక్కకు పల్టీ కొట్టింది. రఘునాథ్ బయటికి ఎగిరిపడి అక్కడే పోయాడు. పోలీసులకు ఇదే చెప్పాను, సుబ్రమణ్యానికి ఇదే చెప్పాను. అందరూ నమ్మారు, రఘునాథ్ తల్లి చంద్రకాంతమ్మ తప్ప.

ఆమె రెండే రెండు ప్రశ్నలు అడిగింది. స్కూటరే ముప్పై దాటించని నా కొడుకు ఆ కారు ఎట్లా తోలినాడు? రెండోది, నా పీట యాడ? వంటింట్లో ఆమె కూర్చునే పనస చెక్క పీట ఆ ఆదివారం నుంచి కనబడలేదు. కొడుకు పోయిన ఇంట్లో పీట కోసం వెతుకుతోంది, పాపం మతి చెడిందని ఊళ్లోవాళ్లు జాలిపడ్డారు.

నలభై రోజులయ్యాక ఆమె నన్ను కాణిపాకం రమ్మంది. మా జిల్లాలో కోర్టుల్లో తేలనిది అక్కడ వినాయకుడి ముందు తేలుతుందంటారు. తల మీద నీళ్లు పోసుకుని తడి బట్టలతో నిలబడి, వెలిగే కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలి. అబద్ధమాడినవాడికి తొంభై రోజుల్లో ఏదో ఒకటి అవుతుందని నమ్మకం. పేరు మోసిన దొంగలు కూడా గుడి మెట్ల దాకా వచ్చి, కాళ్లు వణికి ఒప్పేసుకుంటారు. నా కాళ్లు వణకలేదు. కారు తోలింది రఘునాథ్, నేను చివర నిలబడి ఉన్నాను, పీట సంగతి నాకు తెలియదు. మూడు ముక్కలూ చెప్పి కర్పూరం ఆర్పాను.

మూడూ అబద్ధాలే.

కారు తోలింది నేను. రఘునాథ్‌కు వేగమంటే ఆశ, స్టీరింగంటే భయం. పక్కన కూర్చోవాలని అతని సరదా. పక్క సీటు మేమే పీకేశాం కదా, అందుకని తల్లి ఇంకా లేవకముందే వంటింట్లోంచి పీట తెచ్చుకున్నాడు. కారు నేల రేకుకు రెండు చిల్లులు పెట్టి, ఇనుప తీగతో పీటను నేనే కట్టాను. నాకు బెల్టు ఉంది, పీటకు లేదు. కారు పల్టీ కొట్టాక నేను బెల్టు విప్పుకుని బయటికొచ్చాను. ఊపిరి లేని రఘునాథ్‌ను కట్ట మీదికి చేర్చాను. తర్వాత వెనక్కి పోయి పీట వెతికి నీళ్లలోకి విసిరేశాను. ఎందుకంటే భయం. జైలంటే భయం, సుబ్రమణ్యం అంటే ఇంకా భయం. అంతకన్నా పెద్ద కారణం ఏమన్నా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు.

ప్రమాణం తర్వాత తొంభై రోజులూ పొద్దున లేవగానే కాళ్లూ చేతులూ ఆడించి చూసుకునేవాణ్ణి. పాము కరుస్తుందేమో, లేత్‌లో చెయ్యి పడుతుందేమో అనుకునేవాణ్ణి. తొంభై ఒకటో రోజు మామూలుగా పనికి పోయాను. ఏమీ కాలేదు. ఆ తర్వాత కూడా ఏమీ కాలేదు, మంచీ చెడ్డా రెండూ. పెళ్లయింది, రేణిగుంటలో ఉద్యోగం వచ్చింది, మా నాయన పోయాడు. కూతురు సుజన పుట్టినప్పుడు నర్సు తెచ్చి చేతిలో పెడితే, బరువెంత అని అడిగాను. మునిరత్నమ్మ ఆ మాటను ఇప్పటికీ దెప్పుతుంది.

ఐశ్వర్యకు నాయన పోయేనాటికి పది నెలలు. తల్లి కూడా పోయి ఐదేళ్లయింది. సుబ్రమణ్యం అంతకు ముందే పోయాడు. ఇప్పుడు ఆ అంగడి, ఎనభై ఐదేళ్ల నాయనమ్మ, రెండూ ఆమె చేతి కిందే. అంగడి బోర్డు మీద 'రేసర్ రఘునాథ్ ఆటో స్పేర్స్' అని రాయించింది. వాళ్ల నాయన గురించి ఆమెకు తెలిసిందల్లా ఆయన ఆ కారు తోలాడన్నదే. బళ్లో పిల్లలకు అదే చెప్పుకుంది, అంగడికొచ్చిన మెకానిక్కులకు అదే చెప్పుకుంటుంది. నాయన ఫోటో ఒకటి నా చేతికిస్తూ ఇంకొక్కటి కోరింది. "మా నాయన్ను స్టీరింగ్ ముందర కూసోబెట్టు సిన్నాయనా. హెల్మెట్ పెట్టి." ఈసారి తద్దినం నాటికి అద్దాల పెట్టెలో ఉండాలంది.

ఆమె వెళ్లాక మేడ మీద గదిలో పని మొదలుపెట్టాను. మొదటి వారమే నవ్వులపాలయ్యాను. మా పోతల పనికి వాడే స్కేలు వేరు. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి ఆ స్కేలు మీద గీతలు కాస్త ఎడంగా ఉంటాయి. అలవాటు కొద్దీ దాంతోనే కొలిచి చాసిస్ చేశాను. చక్రాలు మామూలు స్కేలుతో చేసి బిగించబోతే కుదరలేదు. ముప్పై ఏళ్ల అనుభవం చెత్తబుట్టలో పడింది. మళ్లీ చేశాను.

తర్వాత చేతులు దారిలో పడ్డాయి. బాడీ టేకుతో చెక్కి, తలుపుల చోట పాలపొడి డబ్బా రేకు కత్తిరించి అతికించాను. టైర్లకు హవాయి చెప్పులు కోసి లేత్ మీద తిప్పాను. రేడియేటరుకు కిటికీ దోమతెర. పొగ గొట్టాలకు పాత గొడుగు ఊచలు పనికిరాక, రాగి గొట్టం సన్నది వంచాను. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసుక నింపాను. స్పార్క్ ప్లగ్గుల వైర్లకు చెడిపోయిన ఇయర్‌ఫోన్ తీగ. స్టీరింగ్‌కు సుజన పసిబిడ్డగా ఉన్నప్పటి గాజు, దాని కోసం మునిరత్నమ్మతో చిన్న గొడవ. ఆ రంగు కోసం నాలుగు రంగులు కలిపి, మార్కెట్లోంచి తెచ్చిన బేనిషా పక్కన పెట్టి చూసుకున్నాను. నలభై రోజుల్లో కారు లేచింది. చూసినవాళ్లంతా భేష్ అన్నారు. నాకు పని బాగా వచ్చిందని తెలిసింది కానీ సంతోషం తెలియలేదు.

చిక్కంతా రఘునాథ్ బొమ్మ దగ్గర వచ్చింది. ముఖం బాగానే కుదిరింది. గడ్డం కింద నొక్కు కూడా వచ్చింది. చేతులు రెండూ స్టీరింగ్ మీద ఉండాలి. మూడుసార్లు చెక్కాను. మూడుసార్లూ కుడి చెయ్యి పక్కకు చాచినట్టే వచ్చింది, వేళ్లు దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు. తప్పు పోయిందనుకుని మూడూ పారేశాను. తప్పు కాదని తెలుసు. అతని చెయ్యి నేను చివరిసారి చూసింది అట్లాగే.

అప్పుడు కారు తిరగేసి చూస్తే, నేల రేకుకు ఎడమ పక్క రెండు చిల్లులున్నాయి. సీటు బోల్టులవి కావు, పెడళ్లవి కావు. నేను గీసుకున్న కాగితంలో లేవు. పెడుతున్నప్పుడు నా ధ్యాస ఎక్కడుందో తెలియదు. పుట్టీతో పూడ్చి రంగు వేస్తే ఎవరికీ తెలియదు. పుట్టీ కలిపాను కూడా. అది బల్ల మీదే గట్టిపడిపోయింది.

మరునాడు చిన్న పనస ముక్క తెచ్చి పీట చెక్కాను. నాలుగు సెంటీమీటర్లు పొడవు, మూడు వెడల్పు, కింద రెండు అడ్డు కాళ్లు. ఆ పీట మీద ఒక మూల సగం చందమామలా కాలిన మచ్చ ఉండేది. మేకు కాల్చి ఆ మచ్చ కూడా పెట్టాను. సన్నటి తీగతో ఆ చిల్లుల్లోంచి కట్టాను.

టీ తెచ్చిన మునిరత్నమ్మ వంగి చూసింది. "కార్లో పీటేందయ్యా? ఎవురి పెండ్లి?" అంది నవ్వుతూ. చెప్పేశాను. ముప్పై ఏడేళ్ల కాపురంలో చెప్పనిది టీ చల్లారేలోపు అయిపోయింది. ఆమె టీ గ్లాసు తీసుకుని కిందికి పోయింది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టి, తాను తర్వాత తింటానంది. పొద్దున మాత్రం అట్టపెట్టె ఒకటి, పాత చీర ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. కొరియర్లో పంపొద్దు, నువ్వే ఎత్తుకొని పో అని చెప్పింది.

చిత్తూరులో అంగడి వెనకే వాళ్ల ఇల్లు. నేను పోయేసరికి ఐశ్వర్య అద్దాల పెట్టెకు బంతిపూల దండ వేసి, లైటు వెలిగించి ఉంచింది. నా అట్టపెట్టె ఇంట్లోకి తీసుకెళ్లి విప్పాను. ఆమె వేలితో పొగ గొట్టాలు ముట్టుకుంది, స్టీరింగ్ తిప్పి చూసింది, ముందు చక్రాలు తిరిగితే చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత డ్రైవరు సీటు చూసి, నాయన ఏడని అడిగింది. చెయ్యలేదన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది.

మంచం మీద కూర్చున్న చంద్రకాంతమ్మ కారును ఒళ్లో పెట్టమంది. కళ్లకు ఆపరేషన్ అయ్యాక దగ్గరివి బాగానే కనిపిస్తాయట. బయట అంతా చూసి, తలుపు చోట వంగి లోపలికి చూసింది. తర్వాత గోటితో ఆ కాలిన మచ్చను గీకింది.

"వాడు బడికి పోయే తొందర్లో ఉంటే, కాగే పాలగిన్ని దించి దీని మీదే పెట్టేసినా" అంది. "అప్పుడు కాలింది ఇది."

కాణిపాకంలో చెప్పిన మూడు ముక్కలను అక్కడ తిరగేసి చెప్పాను. "కారు తోలింది నేను పెద్దమ్మా. రఘు ఈ పీట మింద కూసున్నాడు. పీటను నీళ్లల్లోకి ఇసిరేసింది నేనే." గొంతు వణకలేదు. కర్పూరం ఆర్పిన రోజు కూడా ఇంతే.

ఐశ్వర్య గోడకు ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది. "మా నాయన ఏమన్నా అన్నాడా? కడాకు?"

ఇంకా పోనీరా అన్నాడు, నవ్వతా ఉన్నాడు. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్లకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే. తోలకపోయినా ధైర్యస్తుడైన నాయన మిగిలేవాడు. నాకూ తేలికగా ఉండేది. కానీ పీట కట్టినవాణ్ణి నేనే, విప్పాల్సినవాణ్ణీ నేనే.

"సాలురా శేఖరా, ఆపు అన్నాడు" అన్నాను. "నా బుజం పట్టుకున్నాడు. రెండుసార్లు అన్నాడు. పావు మైలుకు గుర్తుగా పెట్టిన రాయి ఇంకా దాటలేదని నేను ఆపలేదు. ఆపుంటే టైరు పేలేది గాదు."

ఈ మాట నేను మునిరత్నమ్మకు కూడా చెప్పలేదు.

ఐశ్వర్య అంగట్లోకి పోయింది. స్విచ్చు చప్పుడు వినిపించింది. అద్దాల పెట్టెలో లైటు ఆర్పేసింది. చంద్రకాంతమ్మ తలెత్తలేదు. గోళ్లతో తీగ మెలిక విప్పుతోంది. నేను గట్టిగా కట్టాను, ఆమెకు చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోతే నా చెయ్యి తోసేసింది. పీట ఊడి వచ్చాక అరచేతిలో పెట్టుకుని పిడికిలి మూసింది.

"ఇది నాది" అంది. "బండి నువ్వు ఎత్తుకపో."

శాపం పెట్టలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కారును మళ్లీ చీరలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. అంగట్లోంచి వచ్చేటప్పుడు ఐశ్వర్య తల తిప్పుకుని బంతిపూల దండ విప్పుతోంది. సిన్నాయనా అని పిలుస్తుందేమోనని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాను. పిలవలేదు.

తిరుపతి బస్సు కిక్కిరిసి ఉంది. ముందే ఎక్కాను కాబట్టి నడవ పక్క సీటు దొరికింది. పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. కాణిపాకం మలుపు దాటేటప్పుడు బస్సులో సగం మంది చేతులు జోడించారు. నేను జోడించలేదు, పెట్టె పట్టుకునే ఉన్నాను. పక్కన నిలబడినాయన భుజాన ఏదో పనిముట్ల సంచి వేలాడుతోంది. బస్సు కుదిపినప్పుడల్లా అది నా ఎడమ పక్కకు తగులుతోంది. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి అతని వైపు చూశాను.

"కొంచెం జరగప్పా" అన్నాను. "బుజం నొప్పి పెడతా ఉండాది."

అతను జరిగాడు. నొప్పి మాత్రం తిరుపతి చేరినా తగ్గలేదు.